కుళాయి కింద కడిగిన కూర

మనిషి ఎంత కారం తినగలడో చూసి అతని విలువ కట్టే మూర్ఖులు మా పల్నాడులో చాలామంది ఉన్నారు. వాళ్ళలో ముందు వరసలో కూర్చునేవాణ్ణి నేను. గురజాలకి దగ్గరలో ఉంటుంది మా ఊరు. మిరప, పత్తి వేస్తాం. కాయ ఎండబోసిన రోజుల్లో మా కళ్ళంలోకి కొత్తవాళ్ళెవరైనా వస్తే తుమ్మకుండా రెండు మాటలు మాట్లాడలేరు. మేము మాత్రం ఆ ఎర్రటి రాశుల పక్కనే గోనెపట్టా పరుచుకుని అన్నం తింటాం. ఆ తినడంలో ఒక పొగరుంది. ఆ పొగరు నా చేత ఏం చేయించిందో చెప్పాలంటే ఇప్పటికీ సిగ్గుతో తల ఎత్తలేను.

తిండి విషయంలో నేను అదృష్టవంతుణ్ణే. నా భార్య బతికున్నన్నాళ్ళూ పొద్దున్నే జొన్నరొట్టె, దాని మీద వెల్లుల్లికారం, కారం మధ్యలో వేలితో గుంట చేసి నెయ్యి. మధ్యాహ్నం దోసకాయ పప్పు, గోంగూర, నంజుకోవడానికి నూనెలో నల్లగా వేగిన ఊరమిరపకాయలు. సాయంత్రమయ్యేసరికి పంటి కింద ఏదో ఒకటి పటపటలాడాల్సిందే. చెక్కలో జంతికలో లేకపోతే కనీసం వేయించిన శనగపప్పు మీద ఉప్పూ కారం జల్లి అయినా పెట్టేది. ఆవిడ పోయాక కొన్నేళ్ళు నేనూ మా అబ్బాయీ చేతులు కాల్చుకున్నాం. మా వంటలో ఉప్పు ఒకరోజు ఉండేది, ఒకరోజు ఉండేది కాదు. కారం మాత్రం ఏ రోజూ తగ్గలేదు.

పనిమీద గురజాల వెళ్ళి బజ్జీల బండి దగ్గర ఆగకుండా తిరిగొచ్చిన సాయంత్రం నాకు గుర్తులేదు. నూనెలోంచి తీసిన మిరపకాయ బజ్జీని కత్తితో చీల్చి, ఉల్లిపాయ ముక్కలు కూరి, నిమ్మకాయ పిండి, కాగితంలో పెట్టి ఇస్తారు. కొన్ని బండ్ల మీద గింజలు తీసేసిన మిరపకాయ వాడతారు. ఆ బండ్ల వైపు నేను చూసేవాణ్ణి కాదు. గింజలున్న కాయే కావాలని, అదీ నలుగురికీ వినబడేట్టు అడిగేవాణ్ణి. పక్కన నిలబడ్డవాడు ఉఫ్ ఉఫ్ అంటూ నీళ్ళ కోసం వెతుక్కుంటుంటే, ఏ ఊరు బాబూ నీది అని అడగడం నాకు భలే సరదా.

ప్రయాణాల్లో నా గొప్పలకి అడ్డే లేదు. చొక్కా జేబులో చిన్న స్టీలు డబ్బా, దాని నిండా మా ఇంటి కారప్పొడి ఉండేది. హైదరాబాదు హోటల్లో ఇడ్లీ సాంబారు తెప్పించుకుని, నాలిక్కి తీపి తగిలిందని మొహం చిట్లించి, సర్వరు చూస్తుండగా డబ్బా తీసి జల్లుకునేవాణ్ణి. రైల్లో ఎదుటి సీటువాళ్ళు చపాతీల పొట్లం విప్పితే అడక్కుండానే డబ్బా చాపేవాణ్ణి. మొహమాటానికి ఒక చిటికెడు వేసుకుని వాళ్ళు కళ్ళు తుడుచుకుంటుంటే "మాది పల్నాడండీ" అనేవాణ్ణి, ఆ కారాన్ని నేనే కనిపెట్టినట్టు.

ఇలాంటి ఇంటికి కోడలుగా గోదావరి జిల్లా పిల్ల వచ్చింది. మావాడికి గురజాలలో పురుగుమందుల షాపు ఉంది. ఆ అమ్మాయితో పరిచయం ఎలా అయిందో, ఏమిటో వాళ్ళ సంగతి. నేను అడ్డు చెప్పలేదు. మంచి పిల్ల. మాట మాటకీ అండీ అంటుంది. కాపురానికొచ్చిన కొత్తల్లో ఒకరోజు మా అక్క మాచర్ల నుంచి, తమ్ముడు నరసరావుపేట నుంచి వచ్చారు. కోడలు ఉదయం నుంచి చెమటలు కక్కుతూ వంట చేసింది. నేను పప్పు కలుపుకుని ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, "ఎవరికన్నా ఒంట్లో బాగాలేదామ్మా?" అన్నాను. అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. ఆ అమ్మాయి కూడా నవ్వింది. మర్నాటి నుంచి కూరల్లో కారం పెరుగుతూ వచ్చి, కొన్నాళ్ళకి నా భార్య వండినట్టే వండటం మొదలుపెట్టింది. నేను ఆ మార్పుని కూడా నా గొప్పగానే చెప్పుకున్నాను.

నిరుడు ఎండాకాలం చివర నాకు కడుపులో మంట మొదలైంది. మొదట గ్యాసు అనుకుని సోడా తాగాను. తర్వాత అన్నం తిన్న ప్రతిసారీ ఎవరో లోపల నిప్పు రాజేసినట్టు ఉండేది. మిర్చి యార్డులో కాయ రేటు కనుక్కుని వస్తానని ఇంట్లో అబద్ధం చెప్పి ఒక్కణ్ణే గుంటూరు వెళ్ళాను. డాక్టరు గొంతులోంచి గొట్టం దించి చూసి, పుండు పడిందన్నాడు. మందులు రాసి, ఇక మిరపకాయ మానెయ్యాలన్నాడు. నేను మిరపకాయలు పండిస్తానండీ అన్నాను. పండించండి, తినకండి అన్నాడాయన, నా మొహం కూడా చూడకుండా.

తిరుగు బస్సులో సత్తెనపల్లి దాటాక ఆ రిపోర్టు కాగితాలు ముక్కలు చేసి కిటికీలోంచి వదిలేశాను. మిరపరైతు కడుపులో మిరపకాయకే పుండు పడిందంటే ఊరు ఊరంతా రచ్చబండ మీద కూర్చుని నవ్వుతుంది. నేనైతే నవ్వేవాణ్ణి. మా నాన్న మజ్జిగన్నంలోకి పచ్చి మిరపకాయలు కొరుక్కుని తింటూ నా వయసులో కూడా మడక పట్టి దున్నినవాడు. ఆయన కొడుకు కారం పడక చప్పిడి మెతుకులు తింటున్నాడని ఏ మొహం పెట్టుకుని చెప్పను? అందుకని ఎవరికీ చెప్పలేదు. మందుబిళ్ళలు మోటారు షెడ్డులో దాచుకున్నాను.

దాచడం అంటే మాటలు కాదు. బండి దగ్గర బజ్జీ తీసుకుని, ఎవరూ చూడకుండా మిరపకాయ లాగేసి, పై పిండి తొక్క మాత్రం తిన్నాను. లాగిన మిరపకాయని ఎక్కడ పారెయ్యాలో తోచక జేబులో వేసుకున్న రోజు కూడా ఉంది. ఇంట్లో మాత్రం తప్పించుకునే దారి లేదు. కోడలు వేడివేడిగా వడ్డించి అక్కడే నిలబడేది. నేను తిన్నట్టు నటించి, కంచంతో సహా పెరట్లోకి పోయేవాణ్ణి, కుక్కకి పెడతానన్న సాకుతో.

ఒక మధ్యాహ్నం గుత్తొంకాయ కూర చేసింది. దాని వాసనకి నోరూరి ప్రాణం లాగేస్తోంది. పెరట్లో కుళాయి దగ్గర గొంతుక్కూర్చుని, ఒక్కొక్క వంకాయా నీళ్ళ కింద పెట్టి, లోపల కూరిన కారం అంతా వేలితో తోడేసి, కడిగి, ఆ తెల్లబోయిన కాయని అన్నంలో పెట్టుకుని తింటున్నాను. ఎర్రటి నీళ్ళు కాలవలోకి పోతున్నాయి. ఎందుకో తల ఎత్తితే గుమ్మంలో కోడలు మజ్జిగ చెంబుతో నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. నా చేతిలో కడిగిన వంకాయ, నోట్లో అన్నం. మింగలేను, కక్కలేను. ఆ అమ్మాయి చెంబు గట్టు మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

ఆ రాత్రి మావాడితో చెబుతుంది, తెల్లారేసరికి అక్కకీ తమ్ముడికీ ఫోన్లు పోతాయి అనుకున్నాను. ఏమీ జరగలేదు. మర్నాడు మధ్యాహ్నం భోజనానికి కూర్చుంటే బీరకాయ కూర లేత పసుపు రంగులో ఉంది. పప్పులో ఒక్క ఎండుమిరపకాయ లేదు. చారులో మిరియాలు కూడా వాసనకే వేసినట్టున్నాయి. మావాడు నోట్లో పెట్టుకుని ఇదేంది ఇట్టా ఉంది అన్నాడు. తనకి ఈమధ్య కారం పడటం లేదనీ, కొన్నాళ్ళు ఇలాగే తిందామనీ చెప్పింది కోడలు. ఆ మాట చెబుతూ నా వైపు కన్నెత్తి చూడలేదు. నేను కడుపు నిండా తిన్నాను. చాలా రోజుల తర్వాత తిన్న అన్నం అది.

ఎవరైనా అక్కడితో ఆగి, కొడుకుని పిలిచి నిజం చెప్పేవాళ్ళు. నేను చెప్పలేదు. ఊరుకుంటే అదొక తీరు. ఊరుకోను కూడా లేదు. మావాడు పక్కనుంటే మొహం ముడుచుకుని, ఇవాళ కూడా ఇంతేనా అనేవాణ్ణి. పొరుగింటాయన వచ్చి కూర్చుంటే, మా ఇంట్లో ఇప్పుడు ఆసుపత్రి భోజనం బాబాయ్ అని నవ్వించేవాణ్ణి. అలా అంటూనే రెండోసారి కూర వేయించుకునేవాణ్ణి. ఆ పిల్ల అదే మొహంతో వడ్డించేది. నేను ఆ చేతి గరిటె వైపు చూసేవాణ్ణి గానీ కళ్ళలోకి చూడలేకపోయేవాణ్ణి.

పడటం లేదన్న మాట వీధిలోకి పోయింది. ఆడవాళ్ళు వరసపెట్టి వచ్చి విశేషమా అని అడగడం మొదలుపెట్టారు. అక్క మాచర్ల నుంచి పళ్ళు పట్టుకుని బస్సెక్కి వచ్చింది. అలాంటిదేమీ లేదండీ అని కోడలు ఒక్కొక్కరికీ చెప్పుకోవాల్సి వచ్చింది. ఏమీ లేకుండానే కారం పడకపోవడమేంది, ఇదంతా వేషాలు, పుట్టింటి బుద్ధులు మళ్ళీ పైకొచ్చాయి అంది అక్క, వంటింట్లోకి వినబడేట్టు. నేను మంచం మీద కూర్చుని అక్క తెచ్చిన దానిమ్మపండు ఒలుచుకుంటున్నాను. ఒక్క మాట అంటే సరిపోయేది. గింజలు నోట్లో వేసుకున్నాను.

దసరా తర్వాత కోడలి తమ్ముడి గృహప్రవేశానికి గోదావరి జిల్లా వెళ్ళాం. దారి పొడుగునా పచ్చగా వరిచేలు, కాలవలు. ఆకులు వేసి కూర్చోబెట్టారు. కందబచ్చలి కూర, కొబ్బరి పచ్చడి, బెల్లం వేసిన ముక్కల పులుసు, ఆవపెట్టిన అరటికాయ. అబద్ధమెందుకు, జన్మలో అంత ఇష్టంగా తిన్నది లేదు. పులుసు మూడుసార్లు పోయించుకున్నాను. నా కడుపు ఆ రోజు చల్లగా ఉంది. మా వియ్యపురాలు పక్కన వంగి, కారం తక్కువైందేమో అన్నయ్యగారూ అని భయపడుతూ అడిగింది. బాగుంది చెల్లెమ్మా అంటే నా సొమ్మేం పోయేది? పదిమంది మగవాళ్ళు చూస్తున్నారు. మా పల్నాడులో ఇది పసిపిల్లలకి పెడతాంలెండి అని నవ్వి, జేబులోంచి కారప్పొడి డబ్బా తీసి ఆకు చివర ఇంత కుప్ప పోసుకున్నాను. ఆవిడ మొహం మాడిపోయింది. వేళ్ళు ఆ కుప్ప చుట్టూ తిప్పుతూ, ఒక్క రవ్వ కూడా అంటకుండా భోజనం ముగించాను. చెయ్యి కడుక్కోవడానికి లేచేలోపే కోడలు గబగబా వచ్చి నా ఆకు మడిచి తీసుకుపోయింది. మామగారి ఆకు కోడలెందుకు తీస్తోందని ఎవరో అంటున్నా వినిపించుకోలేదు. కారం కుప్ప పోసింది పోసినట్టే ఉందని తనకి తెలుసు.

తిరిగొచ్చేటప్పుడు మావాడు బస్సు దిగి టీ తాగడానికి వెళ్ళాడు. కోడలు సంచిలోంచి పెరుగన్నం డబ్బా తీసి నా ఒళ్ళో పెట్టింది. ఏదో ఒకటి అనాలనిపించి, మీ అమ్మ చేతి వంట చాలా బాగుందమ్మా అన్నాను.

"ఆ మాట అక్కడ అనాల్సిందండి, మావయ్యగారూ," అంది.

కిటికీ వైపు తిరిగింది. నేను పెరుగన్నం తిన్నాను.

చలికాలం వచ్చేసరికి మావాడు ఇంట్లో రాత్రి భోజనం మానేశాడు. షాపు కట్టేసి బండి మీద ఆమ్లెట్టో పునుగులో తిని వచ్చేవాడు. కోడలు గిన్నెల మీద మూతలు పెట్టి కూర్చునేది. ఒకరోజు వాళ్ళిద్దరూ లోపల మాట్లాడుకుంటుంటే నేను వసారాలో ఉన్నాను. వాడి గొంతు పెరిగింది. నా సంగతి వదిలెయ్యి, మా నాన్న ఎట్టా ఎండిపోయాడో చూశావా, తిండికి మొహం వాచిపోయాడు మనిషి అన్నాడు. ఆ అమ్మాయి ఒక్క మాట అంటే చాలు, తన మీద పడ్డదంతా దిగిపోతుంది. మీ నాన్న కోసమేనండీ అంటే చాలు. అనలేదు. కాసేపటికి ఏడుపు వినబడింది. నేను లేచి టీవీ సౌండు పెంచాను. నా బతుకులో అంతకన్నా నీచమైన పని చేశానని అనుకోను.

మా ఇంట్లో ఒక ఆనవాయితీ ఉంది. తొలి కోతలో పండిన మిరపకాయలు తెచ్చి తొడిమలు తీసి, గుడ్డతో తుడిచి, ఉప్పూ పసుపూ చింతపండూ వేసి రోట్లో తొక్కి జాడీలో పెడతారు. మూడో రోజు తీసి మెంతిపిండి, వెల్లుల్లి కలిపి మళ్ళీ నూరి తాలింపు పెడతారు. ఆ మధ్యాహ్నం అక్కాతమ్ముళ్ళం ముగ్గురం కలిసి కూర్చుంటాం. వేడన్నంలో ఆ పచ్చడి వేసి నెయ్యి పోసి, ఇంటి పెద్ద తొలి ముద్ద తిని, బాగుంది అనాలి. అప్పటిదాకా ఎవరూ చెయ్యి పెట్టరు. నాన్న తర్వాత ఆ ముద్ద నాది. ఏ యేడూ నీళ్ళ గ్లాసు వైపు చూడకుండా తిన్నందుకు నాకు పేరు కూడా ఉంది.

ఈ యేడు పచ్చడి తొక్కించడానికి అక్క ముందుగానే వచ్చి ఇంట్లోనే ఉంది. ఆ రెండు రోజులూ చప్పిడి కూరలు తింది. మేనల్లుడు రాత్రిళ్ళు బయట తిని రావడం చూసింది. నా లూజైపోయిన చొక్కాలు చూసింది. ఆవిడ కోపం జాడీలో పచ్చడితో పాటే ఊరింది.

మూడో రోజు వసారాలో ఆకులు వేశారు. తమ్ముడు వచ్చాడు. మావాడు షాపు మూసి వచ్చాడు. కోడలు నూరి తెచ్చిన పచ్చడి మధ్యలో పెట్టింది. చేతులు మోచేతుల దాకా ఎర్రబడి ఉన్నాయి, మంటకి కొబ్బరినూనె రాసుకున్నట్టుంది. అక్క నా ఆకులో అన్నం పెట్టి, పచ్చడి వేసి, నెయ్యి పోసింది. నేను కలిపాను. ముద్ద చేతిలోకి తీసుకున్నాను. తింటే నాలుగు రోజులు మంచం దిగనని తెలుసు. అయినా తిందామనే అనుకున్నాను, నిజం చెప్పడం కన్నా అదే తేలిక గనక.

అప్పుడు అక్క అందుకుంది. "చూడవే, ఆ మనిషి ముద్ద వంక ఎట్టా చూస్తన్నాడో. నోటికి కారం తగిలి ఎన్నాళ్ళయిందో పాపం. మొగుడేమో బండ్ల మీద తింటన్నాడు, మామేమో ఎండుకుపోయాడు. నీ ఒక్కదాని నోటి కోసం కొంపంతా చప్పిడి చేశావు. మీ అమ్మని ఇప్పుడే అడుగుతా, ఇదేనా నేర్పి పంపించిందని."

ఫోను తీసి వియ్యపురాలి నంబరు వెతుకుతోంది. కోడలు గోడకి ఆనుకుని నేల చూపులు చూస్తోంది. గృహప్రవేశంలో నేను మొహం మాడ్చిన తల్లిని ఇంకోసారి మాడ్చబోతున్నారు, ఈసారి కూడా నా వల్లే. ముద్ద ఆకులో పెట్టేశాను. ఫోను పెట్టెయ్యి అక్కా అన్నాను. కారం పడనిది అమ్మాయికి కాదు, నాకు. కడుపులో పుండు పడింది, డాక్టరు కారం మానమన్నాడు, చెప్పుకోవడానికి సిగ్గేసి దాచాను, ఆ పిల్ల నా కోసం చప్పిడి వండి మాటలు పడింది అని గుక్క తిప్పుకోకుండా చెప్పేశాను.

ముందుగా తమ్ముడు నవ్వాడు. అన్నయ్య మనసు అట్టాంటిది అన్నాడు. అక్క కళ్ళు తుడుచుకుంది. నిజమని నేనంటుంటే, రిపోర్టు చూపించరా అంది. చించి పారేశానన్నాను. ఆ మాటతో ఆవిడకి పూర్తిగా నమ్మకం కుదిరింది, నేను అబద్ధమాడుతున్నానని. దగ్గరికొచ్చి నా తల నిమిరింది.

"అచ్చం నాన్నే. కోడలి తప్పు నెత్తినేసుకుంటన్నాడు," అంది. కోడలి వైపు తిరిగి, "ఇట్టాంటి మామ ఎంతమందికి దొరుకుతాడే? రా, వచ్చి కాళ్ళకి దణ్ణం పెట్టుకో," అంది.

మావాడు కూడా నన్ను దేవుణ్ణి చూసినట్టు చూస్తున్నాడు. నిజమే చెబుతున్నాన్రా అన్నాను. ఊరుకో నాన్నా, అర్థమైందిలే అన్నాడు. ఇన్ని నెలలూ అబద్ధం ఆడితే అందరూ నమ్మారు. ఒక్కసారి నిజం చెబితే నన్ను గొప్పవాణ్ణి చేసి కూర్చోబెట్టారు. భూమి చీలి అందులోకి పోతే బాగుండుననిపించింది.

కోడలు గోడ దగ్గర నుంచి వచ్చింది. కాళ్ళకి వంగుతుందనుకుని కాళ్ళు వెనక్కి లాక్కున్నాను. వంగలేదు. నా ఆకు ముందు కూర్చుని, నేను పెట్టేసిన ముద్ద తీసుకుని నోట్లో పెట్టుకుంది. మామ ఆకులో చెయ్యి పెట్టిందని అక్క నోరు వెళ్ళబెట్టింది. ఆ పిల్ల మెల్లగా నమిలి మింగింది. ఇంకో ముద్ద కలిపి తింది. కళ్ళలో నీళ్ళు లేవు, ముక్కు ఎగబీల్చలేదు, నీళ్ళ గ్లాసు ముట్టుకోలేదు. ఆ పచ్చడి నేను మంచిగా ఉన్న రోజుల్లో కూడా అంత నిదానంగా తినలేదు.

"ఉప్పు సరిపోయిందండి, పెద్దత్తగారూ," అంది. "మెంతిపిండి ఒక చిటికెడు ఎక్కువైంది."

లేచి చెయ్యి కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్ళింది. మావాడు ఆ ఖాళీ గుమ్మం వైపు చూసి, లేచి వెనకే వెళ్ళాడు. తమ్ముడు తల దించుకున్నాడు. అక్క చేతిలో ఫోను వెలుగుతూనే ఉంది. దాన్ని ఆర్పేసి, నా ఎదురుగా కూర్చుంది. చిన్నప్పుడు నేను చేసిన వెధవ పనులన్నీ పసిగట్టిన కళ్ళే అవి.

"ఎన్నాళ్ళ నుంచిరా?" అంది.

తొలకరికి పత్తి విత్తనం పెట్టినప్పటి నుంచి అన్నాను.

"అయితే ఆ పిల్లని నేనన్న మాటలన్నీ నువ్వు విన్నట్టేగా?"

"విన్నా."

"వింటానే తిన్నావా?"

అబద్ధానికి ఇంక చోటు మిగల్లేదు.

"తిన్నానక్కా," అన్నాను.